నాయనా, నా మీద కోపమా?

తొంభైల్లో బెంగళూరులో పెరిగినవాళ్ళని ఎవర్ని కదిపినా "నాళె బా" గురించి చెబుతారు. రాత్రి పొద్దుపోయాక ఒక ఆడదయ్యం వీధుల్లో తిరుగుతుందని, మనకి బాగా కావలసినవాళ్ళ గొంతుతో పిలుస్తూ తలుపు కొడుతుందని, తీస్తే ఇక అంతేనని ఊరంతా పుకారు. తలుపు మీద కన్నడంలో "నాళె బా" అని, అంటే రేపు రమ్మని, రాసిపెడితే అది చదువుకుని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుని మళ్ళీ వెనక్కి తిరుగుతుందట. మత్తికెరెలో మేం అద్దెకున్న వఠారంలో ఒకే వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ సుద్దముక్కతోనో బొగ్గుతోనో ఆ రెండు మాటలూ రాసి ఉండేవి. సెలవులకి మదనపల్లె వెళ్తే అక్కడి గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని కనిపించేది.

మా నాన్న జాలహళ్ళి హెచ్‌ఎంటీలో పనిచేసేవాడు. సెకండ్ షిఫ్టు అయితే ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి అయ్యేది. "నేనేనే, తలుపు తియ్" అంటే అమ్మ వెంటనే లేచేది కాదు. దయ్యం మూడోసారి పిలవదని మా అమ్మమ్మ చెప్పిన మాట ఆమె మనసులో ఉండేది. నాన్న చలిలో నిలబడి మూడుసార్లు పిలిస్తేగానీ గడియ తీసేది కాదు. నాన్నకి ఒళ్ళు మండిపోయేది. ఆయన హెచ్. నరసింహయ్యగారంటే ప్రాణం పెట్టే మనిషి. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమల మీద, మూఢనమ్మకాల మీద శాస్త్రీయంగా విచారణ జరపాలని కమిటీ వేసిన పెద్దాయన ఆయన. బసవనగుడి నేషనల్ కాలేజీలో సైన్స్ ఫోరం ఉపన్యాసాలకి నాన్న నన్ను కూడా తీసుకెళ్ళేవాడు. ఆ నాన్న ఇంటి తలుపు మీద కూడా ఆ రాత ఉండేది. ఆయన తుడిచేవాడు, అమ్మ మళ్ళీ రాసేది.

ఆ కథలో నన్ను వణికించింది మాత్రం గొంతు. దయ్యం దయ్యంలా వస్తే గుర్తుపట్టి పారిపోవచ్చు. అమ్మ గొంతుతో వస్తే ఏం చేస్తాం? మనకి ఎవరి పిలుపు కావాలో ఆ పిలుపుతోనే భయం మన దగ్గరికి వస్తుందని ఆ పుకారు పుట్టించినవాళ్ళకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ హడావిడి కాస్త చల్లారాక మా పెద్దమ్మ కూతురు పీయూసీ చదవడానికి మా ఇంటికి వచ్చింది. నాకంటే మూడేళ్ళు పెద్ద. అక్క బెంగళూరు రావడం పెద్దనాయనకి ఇష్టం లేదు. మదనపల్లెలోనే కాలేజీ ఉండగా ఊరుగాని ఊరెందుకన్నాడు. ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. చివరికి సరేనన్నాడు గానీ బస్సెక్కిన రోజు కూడా ఆయన మాట్లాడలేదు. కొన్ని నెలలకే గుండెపోటుతో పోయాడు. అప్పట్లో మాకు ఫోన్ లేదు. ఇంటి ఓనరు వాళ్ళకి కబురొచ్చి, మాకు తెలిసి, బస్సు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్కకి కడసారి చూపు దక్కలేదు.

తిరిగొచ్చాక అక్క ఏడవలేదు. బాగా చదివింది, అమ్మకి పనుల్లో సాయం చేసింది, నాకు లెక్కలు చెప్పింది. "గట్టి పిల్ల" అని వఠారంలో అందరూ మెచ్చుకున్నారు.

తర్వాతి వేసవిలో ప్లాంచెట్ పిచ్చి, అంటే ఆత్మల్ని పిలిచి ప్రశ్నలడిగే ఆట, మా వీధికి వచ్చింది. కాలేజీలో నేర్చుకున్నానంటూ మూడో ఇంట్లో ఉండే అమ్మాయి తెచ్చింది. చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో గుండ్రంగా ఇంగ్లీషు అక్షరాలు, కింద అంకెలు, ఒక మూల యస్, ఇంకో మూల నో, అడుగున గుడ్‌బై. మధ్యలో రూపాయి బిళ్ళ. ఓనరు వాళ్ళ ఖాళీ గదిలో, సాయంత్రం కరెంటు తీసేసే టైములో, కొవ్వొత్తి వెలుతురులో ఆట. ఆట కంటే ముందు దాని నియమాలు చెప్పింది. మధ్యలో ఎవరూ లేవకూడదు, వేలు తీయకూడదు, నవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గుడ్‌బై చెప్పి బిళ్ళ అక్కడికి వెళ్ళాకే ఆపాలి. లేకపోతే వచ్చిన ఆత్మ వెళ్ళదు, మనతోనే ఉండిపోతుంది.

ఆ నియమాల గురించి తర్వాత చాలా ఆలోచించాను. ఆట మొత్తంలో అసలు పని చేసేది అవే. నవ్వొద్దు అన్నారంటే అనుమానించడం కుదరదు. లేవొద్దు అన్నారంటే భయమేసినా కూర్చోవాలి. ఆఖరి నియమమైతే మరీ దారుణం. ఆట సరిగా ముగియకపోతే ఇంటికెళ్ళాక జరిగే ప్రతి దానికీ ఒక కారణం ముందే సిద్ధంగా ఉంటుంది.

మొదట ఏమీ కాలేదు. వేళ్ళ కొసలు బిళ్ళ అంచుకి ఆనీ ఆననట్టు పెట్టి ఎదురుచూశాం. మోచెయ్యి గాల్లో ఉంటే కాసేపటికి వేలికొసలో సన్నని వణుకు మొదలవుతుంది, అది నాకు బాగా గుర్తు. తర్వాత బిళ్ళ కాగితం మీద జరజరమంటూ ఒక అంగుళం జరిగింది. "నువ్వు తోశావు", "నేను కాదు, నువ్వే". ఎవరూ తోయలేదని అందరం ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఒట్లు నిజమైనవే. పరీక్షల గురించి, పెళ్ళిళ్ళ గురించి అడిగారు. బిళ్ళ అటూ ఇటూ తిరిగింది. అంతసేపూ ఏమీ అడగని అక్క ఉన్నట్టుండి నోరు విప్పింది.

"నాయనా, నా మీద కోపమా?"

బిళ్ళ ఆగలేదు, తడబడలేదు. నేరుగా యస్ దగ్గరికి వెళ్ళింది.

ఆ క్షణంలో కరెంటు వచ్చింది. ట్యూబులైటు టపటపమని వెలగడంతో అందరం ఉలిక్కిపడి వేళ్ళు తీసేశాం. గుడ్‌బై ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి నుంచి అక్క మారిపోయింది. కొళాయి చుక్కలు పడినా, వీధిలో కుక్క ఏడ్చినా, గోడ గడియారం ఆగినా అవన్నీ పెద్దనాయన చెబుతున్నట్టే ఉండేది ఆమెకి. అవన్నీ అంతకుముందూ జరిగేవే. ఇప్పుడు వాటికి ఒక అర్థం అతుక్కుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేదట, కళ్ళు తెరుచుకునేవట, కానీ చెయ్యీ కాలూ కదిలేవి కావు. ఎదమీద ఎవరో కూర్చున్నంత బరువు. గుమ్మం దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టు. అరుద్దామంటే గొంతు పెగిలేది కాదు. దీనికి స్లీప్ పరాలిసిస్ అని పేరుందని, కలలొచ్చే నిద్రలో శరీరం తన కండరాల్ని తనే వదులు చేసి కదలకుండా ఉంచుతుందని, ఒక్కోసారి ఒళ్ళు ఆ స్థితి నుంచి బయటపడకముందే మెదడు మేలుకుంటుందని మాకప్పుడు తెలియదు. నిద్ర సరిగా లేనివాళ్ళకి, టెన్షన్‌లో ఉన్నవాళ్ళకి అది ఎక్కువ వస్తుంది. భయంతో నిద్ర పట్టదు, నిద్ర లేక అది వస్తుంది, అది వచ్చిందని ఇంకా భయం. అక్క ఆ చక్రంలో ఇరుక్కుంది.

నాన్న "దయ్యాలూ లేవు గియ్యాలూ లేవు, పడుకో" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే గానీ ఆ మాటతో అక్క ఇంకా ఒంటరిదైపోయింది. చూసినదాన్ని లేదంటుంటే ఇక ఎవరికి చెప్పుకుంటుంది? అమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. మైసూరు రోడ్డులోని గాళి ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళింది. రాత్రిళ్ళు పక్కనే పడుకుని తల మీద చెయ్యి వేసి దండకం చదివింది. అమ్మ చేసినవాటిని నేను తీసిపారేయలేను. ఆ చెయ్యి తల మీద ఉన్న రాత్రులు అక్క కాస్త నిద్రపోయింది. కాకపోతే అమ్మ దిష్టి తీసిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఉన్న మాట నిజమేనని కూడా అక్కకి రుజువైనట్టు అయ్యేది.

అక్క తిండి మానేసి చిక్కిపోతుంటే నాన్న షిఫ్టులో ఒకాయన నిమ్హాన్స్‌కి తీసుకెళ్ళమన్నాడు. ఇవాళ ఆ పేరు చెబితే దేశంలోకెల్లా పెద్ద మానసిక వైద్య సంస్థ అంటారు. అప్పుడు మా వఠారంలో దాన్ని పిచ్చాసుపత్రి అనేవాళ్ళు. పాత మెంటల్ హాస్పిటల్‌నీ, పక్కనున్న శిక్షణ సంస్థనీ కలిపి 1974లో నిమ్హాన్స్ చేశారు గానీ జనం నోళ్ళలో పాత పేరు పోలేదు. "రేపు దాని పెళ్ళికి ఎవరైనా ఆరా తీస్తే?" అని అమ్మ ఏడ్చింది. ఓనరమ్మతో కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి హొసూరు రోడ్డు బస్సెక్కారు.

అక్కడి డాక్టరమ్మ దయ్యం ఉందా లేదా అన్న జోలికే పోలేదట. "మీ నాన్నగారికి కోపం వస్తే ఏం చేసేవారు?" అని అడిగిందట. అలా అక్కని ఎవరూ అడగలేదు. పెద్దనాయన పోయిన దగ్గర్నుంచి ఆయన ఎలా పోయాడన్న మాటలే గానీ ఎలా ఉండేవాడన్నది మా ఇంట్లోనూ ఎవరం మాట్లాడలేదు. అక్క చెప్పింది, కోపమొస్తే నాయన మాట్లాడడు, రాత్రి అన్నాలప్పుడు మాత్రం వేరుశనక్కాయలు ఒలిచి నా పళ్ళెం పక్కన పెడతాడని. చెబుతుండగానే గుర్తొచ్చిందట. బెంగళూరు వచ్చిన రోజు సంచి సర్దుకుంటుంటే అడుగున పేపరు పొట్లంలో వేయించిన పప్పులున్నాయి. పెద్దమ్మ పెట్టిందనుకుని తినేసింది. పెద్దమ్మని తర్వాత అడిగితే నేను పెట్టలేదే అంది.

రెండో వారమో మూడో వారమో డాక్టరమ్మ ఒక దారానికి ఉంగరం కట్టి అక్క చేతికిచ్చింది. ఆ రాత్రి ఇంటికొచ్చి మా అందరి చేతా చేయించింది అక్క. కాగితం మీద గీత గీసి, దాని మీదుగా ఉంగరాన్ని వేలాడదీసి, చెయ్యి కదపకుండా, "గీత వెంబడే ఊగుతుంది" అని మనసులో అనుకోవాలి, అంతే. అమ్మ ఉంగరంతో అమ్మే చేసింది. చూస్తుండగా ఉంగరం గీత వెంబడి ఊగడం మొదలుపెట్టింది. "అమ్మతోడు, నేను కదపట్లేదు" అంది. ఇప్పుడు గుండ్రంగా తిరుగుతుంది అనుకో పిన్నమ్మా అంది అక్క. ఊపు వంకర తిరిగి, నెమ్మదిగా సున్నా చుట్టింది. అమ్మ ముఖం నేను మర్చిపోలేను.

మనం ఊహించిన కదలికని కండరాలు మనకి తెలియకుండానే చేసేస్తాయి. షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1833లోనే ఈ లోలకం గురించి రాశాడు. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనికి ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. ఆ మరుసటి సంవత్సరమే, ఆత్మలు బల్లలు జరుపుతున్నాయని లండన్‌లో గొడవగా ఉంటే, మైకేల్ ఫారడే రంగంలోకి దిగాడు. అట్టముక్కల్ని మెత్తటి జిగురుతో పొరలుపొరలుగా అంటించి బల్ల మీద పెట్టి, ఆ పైన చేతులు వేయించాడు. బల్లే ముందు కదిలితే కింది పొర ముందు జరగాలి. పై పొరలు ముందు జరిగాయి. కూర్చున్నవాళ్ళంతా పెద్దమనుషులే, మోసం చేసినవాళ్ళు కారు. వాళ్ళ చేతులు చేస్తున్న పని వాళ్ళకే తెలియలేదు. కరెంటు మోటారుకి దారి చూపిన ఫారడే దీని మీద ఇంత శ్రద్ధ పెట్టాడని చెబుతుంటే నాన్న కళ్ళు మెరిసేవి.

అంతవరకూ పడుకోమని కసిరిన నాన్న ఆ ఆదివారం చార్టు ముందేసుకుని మాతో కూర్చున్నాడు. మా అందరి కళ్ళకీ తువ్వాళ్ళు కట్టి, చప్పుడు కాకుండా చార్టుని అటుది ఇటు తిప్పేశాడు. "ఇప్పుడు యస్ దగ్గరికి రమ్మని అడగండి" అన్నాడు. బిళ్ళ జరజరమని వెళ్ళి ఆగింది. గంతలు విప్పి చూస్తే యస్ ఎక్కడ ఉండేదో అక్కడికి వెళ్ళింది. ఇప్పుడక్కడ ఉన్నది నో. ఆత్మే జరుపుతుంటే దానికి మన కళ్ళతో పనేముంది?

నాన్న గెలిచినట్టు చూశాడు. అక్క ముఖం పాలిపోయింది.

"అయితే ఆ రోజు యస్ అని చెప్పుకున్నది నేనేనా చిన్నాయనా?"

ఆ ప్రశ్నకి నాన్న దగ్గర జవాబు లేదు. దయ్యం లేదని తేలితే భయం పోతుందని మేమనుకున్నాం. తేలాక అక్కకి ఇంకా కష్టమైంది. అంతదాకా కోపం నాయనది. ఇప్పుడు ఆ నేరం మోపింది తనే అయింది. పెద్దనాయన పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ తర్వాత కూడా చాలాకాలం నిమ్హాన్స్‌కి వెళ్ళొచ్చింది. ఎవరికైనా మూఢనమ్మకం పోగొట్టాలని ఉత్సాహపడేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు తువ్వాలు చేత్తో పట్టుకుని కూర్చున్న అక్కే కనిపిస్తుంది. నమ్మకం లాగేస్తే దాని కింద ఏముందో చూసుకునే ఓపిక కూడా ఉండాలి.

పెద్దయ్యాక ఈ ఆటల చరిత్ర వెతికి వెతికి చదివాను. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్ళు ఆత్మలు తట్టే చప్పుళ్ళతో మాట్లాడుతున్నామన్నారు. తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు పోయారు. ఎంతోమంది ఇళ్ళకి శవాలు కూడా రాలేదు. ఆ దుఃఖంలోనే ఆత్మల్ని పిలిచే కూటాలు పెరిగాయి. 1891లో బాల్టిమోర్‌కి చెందిన ఎలైజా బాండ్ పేరున, మా చార్టులాగే అక్షరాలూ అంకెలూ ఉండే ఓయిజా బోర్డుకి పేటెంట్ వచ్చి, అది బొమ్మల కొట్లో దొరికే వస్తువైపోయింది. మన దేశంలో రవీంద్రనాథ్ టాగోర్ అంతటివారు 1929లో ప్లాంచెట్ ద్వారా పోయినవాళ్ళతో మాట్లాడాలని ప్రయత్నించారు. భార్యని, పిల్లల్ని ఒకరి తర్వాత ఒకర్ని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఇదంతా చదువుతుంటే మత్తికెరె ఖాళీ గదిలో అక్క గొంతే వినిపించేది.

అద్దం ఆట కూడా అంతే. చీకట్లో అద్దం ముందు నిలబడి పేరు పిలిస్తే దయ్యం కనిపిస్తుందని పిల్లలు ఇప్పటికీ ఆడతారు. నిజంగానే కనిపిస్తుంది. 2010లో కపూతో అనే ఇటలీ మనస్తత్వ శాస్త్రవేత్త మసక వెలుతురులో 50 మందిని అద్దంలోకి పది నిమిషాలు చూడమన్నాడు. చాలామందికి వాళ్ళ ముఖమే వికారంగా మారిపోయినట్టు కనిపించింది. కొందరికి భయంకరమైన ఆకారాలు. కొందరికి అమ్మదో నాన్నదో ముఖం. కదలకుండా ఒకేచోట చూస్తే కన్ను వివరాలు వదిలేస్తుంది, మెదడు ఆ ఖాళీల్ని తన దగ్గరున్న వాటితో నింపుకుంటుంది.

ఇప్పుడు మేముండేది మారతహళ్ళిలో. 2015లో ప్రపంచమంతా పాకిన పెన్సిళ్ళ ఆట మా అపార్ట్‌మెంట్‌లో ఆ తర్వాత కూడా పోలేదు. యస్, నో అని రాసిన కాగితం మీద ఒక పెన్సిల్, దాని మీద ఇంకొకటి అడ్డంగా పెట్టి చార్లీ అనే దయ్యాన్ని పిలుస్తారు. పైది ఎంత సన్నగా నిలబడి ఉంటుందంటే పిల్లల ఊపిరికే తిరుగుతుంది. రెండేళ్ళ క్రితం కింది ఫ్లోర్‌లో ఉండే చిత్తూరు వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఏడో తరగతి చదివే కొడుకు రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని, తిడితే మొండికేస్తున్నాడని. వాడు పెన్సిల్‌ని అడిగిన ప్రశ్న, "తాతా, మళ్ళీ వస్తావా?" 2021 మేలో కోవిడ్‌తో తాత పోతే వీడికి చూపించనే లేదు. ఆసుపత్రి నుంచి అటే తీసుకెళ్ళిపోయారు. పెన్సిల్ యస్ అంది. వాడికి భయం లేదు, తాత కోసం మేలుకుని ఎదురుచూస్తున్నాడు.

అక్క ఇప్పుడు హిందూపురం దగ్గర హైస్కూల్లో సైన్స్ టీచరు. వీడియో కాల్‌లో వాడితో మాట్లాడించాను. ఉంగరం సంగతి మొదట ఎత్తనే లేదు. "మీ తాత నిన్ను ఏమని పిలిచేవాడు రా?" అంది. వాడు అరగంట చెప్పాడు. ఎక్సెల్ బండి మీద ముందు నిలబెట్టుకుని తోటకి తీసుకెళ్ళడం, మామిడికాయలు రాల్చడం, గుట్కా మానేశానని అబద్ధం చెప్పడం అన్నీ. వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఏడుస్తూ నవ్వింది. నిద్ర పట్టని సంగతికి టెలీ మానస్ 14416కి కూడా చేయమని చెప్పాం. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ లైను అది, డబ్బు కట్టక్కర్లేదు. ఆమెతో తెలుగులోనే మాట్లాడారు. వెళ్ళొచ్చావా అని ఆరా తీసేవాళ్ళు లేరు, కళ్ళ డాక్టరని అబద్ధమాడే పని లేదు.

అక్కనొకసారి అడిగాను, అసలు ఆత్మలు ఉన్నాయంటావా అని. "ఉన్నాయో లేవో నేను చెప్పలేనే. ఆ రోజు వచ్చింది మాత్రం మా నాయన కాదు. ఆయనైతే శనక్కాయలు ఒలిచేవాడు" అంది.

ఆ ఏడాది తాత సంవత్సరీకానికి చదువు పోతుందని వదిలేయకుండా పిల్లాణ్ణి కూడా చిత్తూరు తీసుకెళ్ళారు. పిండం పెట్టి కాకుల్ని పిలిచేటప్పుడు తండ్రి పక్కన వాడే నిలబడ్డాడట. తిరిగొచ్చాక అక్క ఉంగరం ఆట నేర్పించింది. దాన్ని స్కూల్లో ఫ్రెండ్స్‌కి చూపించొచ్చా అని అడిగాడు. అక్క సరేనని ఒక షరతు పెట్టింది. ఆడుతుండగా ఎవరైనా చనిపోయినవాళ్ళ పేరెత్తితే ఉంగరం పక్కన పెట్టేసి, ఆ మనిషి గురించి చెప్పమని అడగాలి.